సొంత విషయం దాచుకోవడానికి చిన్న అబద్ధం ఆడితే తప్పా? – తరచుగా అడిగే ప్రశ్నలు

జీతమెంత, పిల్లలెప్పుడు, ఆ మందులెందుకు, మీరేమిట్లు... ఇలాంటివి ఎవరో అడిగినప్పుడు నిజం చెప్పలేక, ఊరుకోనూ లేక ఓ చిన్న అబద్ధం చెప్పేసి, ఆ తర్వాత రోజంతా మనసు పీకుతూ ఉండేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేనూ వాళ్లలో ఒకదాన్ని. చట్టాల మాటా పురాణాల మాటా వస్తుంది కానీ ఏది తప్పు, ఏది కాదు అన్న తీర్పు మాత్రం నాదే.

ముందు సూటిగా చెప్పండి. తప్పా, కాదా?

చాలాసార్లు తప్పు కాదు. విషయం పూర్తిగా మీదై ఉండాలి. అడిగిన మనిషికి దాన్ని తెలుసుకునే హక్కు ఉండకూడదు. మీ మాట నమ్మినందువల్ల ఆ మనిషికి డబ్బుగానీ ఆరోగ్యంగానీ, జీవితంలో ఒక నిర్ణయంగానీ చెడిపోకూడదు. అలా ఉన్నంతవరకు ఆ అబద్ధం వీధి తలుపుకు వేసుకున్న గడియ లాంటిది. గడియ వేసుకున్నారని ఎవరూ మిమ్మల్ని దొంగ అనరు కదా.

అబద్ధం దాకా ఎందుకు? "అది చెప్పనండీ" అంటే సరిపోదా?

సరిపోయే చోట అదే మేలు. చెప్పనని చెప్పగల ధైర్యం, చెప్పనిచ్చే మనుషులు, రెండూ ఉంటే అబద్ధంతో పనే లేదు. కానీ మన దగ్గర కొన్ని ప్రశ్నలకు మౌనమే జవాబైపోతుంది.

నాలుగేళ్ల కిందట మేం పిల్లల కోసం చికిత్స తీసుకుంటున్నాం. ఇంజెక్షన్లు చల్లగా ఉండాలని ఐస్ ప్యాక్ పెట్టి థర్మాకోల్ డబ్బాలో ఇచ్చేవాళ్లు. ఆ డబ్బాను కూరగాయల సంచిలో అడుగున పెట్టి, పైన కొత్తిమీర కట్ట వేసి ఇంటికి తెచ్చుకునేదాన్ని. ఒక సాయంత్రం లిఫ్ట్‌లో మూడో అంతస్తు పెద్దావిడ నా వైపు చూసి, "ఏమ్మా, ఏమైనా విశేషమా?" అన్నారు. ఆవిడకు చెడు ఉద్దేశం ఏమీ లేదు. నా పెళ్లయి అయిదేళ్లయిందని గుర్తుంచుకుని మరీ అడిగారు. కానీ లిఫ్ట్‌లో ఇంకో ఇద్దరున్నారు. ఐస్ కరిగి, సంచి అడుగు నుంచి నా కాలి మీద చల్లటి చుక్కలు పడుతున్నాయి. "ఇప్పుడే వద్దనుకున్నామండీ" అన్నాను.

"అది చెప్పనండీ" అని ఉంటే ఏమయ్యేది? లిఫ్ట్ మా అంతస్తుకు చేరేలోపే ముగ్గురికీ అర్థమైపోయేది. ఏదో లోపం ఉందని, అది ఆవిడలోనో ఆయనలోనో అని, రాత్రికల్లా రెండు మూడిళ్లలో మాట నడిచేది. నోరు మూసుకుంటే గుట్టు బయటపడే ప్రశ్న అది. అలాంటి ప్రశ్నకు అబద్ధం చెప్పినందుకు నాకు ఆ రోజు బాధ కలిగిన మాట నిజమే. ఇప్పుడు మాత్రం అందులో తప్పేమీ కనిపించడం లేదు.

పెద్దవాళ్లు ఎప్పుడూ నిజమే చెప్పమన్నారు కదా?

దాచుకోవలసినవి దాచుకోమని కూడా వాళ్లే చెప్పారు. నవగోప్యాలని పాత శ్లోకం ఒకటుంది. వయసు, ధనం, ఇంటి గుట్టు, మంత్రం, మందు, దాంపత్యం, చేసిన దానం, పొందిన గౌరవం, పడిన అవమానం, ఈ తొమ్మిదీ బయట పెట్టొద్దని అందులో ఉంది. నేటి లెక్కలో చూసుకోండి. జీతం, జబ్బు, కాపురం, అవమానం... ఇప్పుడు మనం ప్రైవసీ అంటున్న వాటిలో చాలావరకు ఆ తొమ్మిదిలోనే వచ్చేశాయి. బయలుదేరుతున్న మనిషిని "ఎక్కడికి?" అని అడగకూడదని, తప్పదనుకుంటే "దూరమా?" అనాలని మా అమ్మమ్మ నేర్పింది. అది శకునం కోసమే కావచ్చు. కానీ అలా అడిగితే, చెప్పాలనుకున్నవాళ్లు చెబుతారు, వద్దనుకున్నవాళ్లు "ఇక్కడికే" అని వెళ్లిపోతారు. ఎవరూ నొచ్చుకోరు.

"వారిజాక్షులందు వైవాహికములందు" పద్యం ఉందిగా. అందులో బొంకవచ్చనే చెప్పారు!

ఈ పద్యాన్ని అందరూ వాడేస్తారు గానీ ఎవరు ఎవరితో అన్నారో మరచిపోతారు. పోతన భాగవతంలో, వామనుడికి దానం ఇవ్వబోతున్న బలి చక్రవర్తితో శుక్రాచార్యుడు అన్న మాట అది. ఆడవాళ్ల విషయంలో, పెళ్లిళ్ల విషయంలో, ప్రాణానికీ ధనానికీ మానానికీ భంగం వచ్చినప్పుడు, భయపడిన గోవులనూ విప్రులనూ కాపాడేటప్పుడు బొంకితే పాపం అంటదని చెప్పాడు. బలి ఆ సలహా వినలేదు. మాట ఇచ్చాక తిరగనన్నాడు.

నాకు ఆ పద్యంలో ప్రాణం, మానం అన్న రెండు మాటలు సబబుగా తోస్తాయి. మానం అంటే పరువు, ఆత్మగౌరవం. అది పోయే చోట మనిషికి కొంత ఆసరా ఉండాలి. పెళ్లిళ్ల మాటను మాత్రం నేను ఒప్పుకోను. ఎందుకో కింద చెబుతాను.

మరి ధర్మరాజు ఒక్క అబద్ధానికే రథం కుంగింది కదా?

అవును, అదే ధర్మరాజు విరాటుడి కొలువులో ఏడాదిపాటు కంకుభట్టునని చెప్పుకుని బతికాడు. భీముడు వలలుడయ్యాడు, అర్జునుడు బృహన్నల అయ్యాడు, ద్రౌపది సైరంధ్రి అయింది. అప్పుడు రథం కుంగలేదు. రెండు సందర్భాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. విరాటుడి కొలువులో వాళ్లు దాచుకున్నది తామెవరో అన్న సంగతి. అక్కడ నమ్మకంగా పని చేశారు, గడువు తీరగానే అసలు పేర్లు చెప్పేశారు. ద్రోణుడి దగ్గర జరిగింది వేరు. ధర్మరాజు అబద్ధమాడడన్న నమ్మకంతోనే ద్రోణుడు ఆయన్ను అడిగాడు. కొడుకు బతికున్నాడా లేదా అన్నది తండ్రి తెలుసుకోవలసిన విషయం. ఆ నమ్మకాన్నే వాడుకుని ద్రోణుడి చేత అస్త్రం కింద పెట్టించారు. అది తలుపుకు గడియ వేసుకోవడం ఎలా అవుతుంది?

కర్ణపర్వంలో కౌశికుడి కథ కూడా గుర్తు చేసుకోవాలి. దొంగలు తరుముతుంటే పారిపోయి అడవిలో దాక్కున్న జనం ఎటు పోయారో, నిజం చెప్పాలన్న వ్రతం కోసం ఆయన ఆ దొంగలకు చెప్పేశాడు. ఆ జనం చచ్చారు, ఆయన నరకానికి పోయాడు. కృష్ణుడు అర్జునుడికి ఈ కథ చెప్పాడు. 1797లో జర్మన్ తత్త్వవేత్త కాంట్ సరిగ్గా ఇలాంటి సందర్భం తీసుకుని, హంతకుడు వచ్చి అడిగినా అబద్ధం చెప్పకూడదని వాదించాడు. ఫ్రాన్స్‌లో బెంజమిన్ కాన్‌స్టాంట్, నిజం తెలుసుకునే హక్కు ఉన్నవాడికే నిజం చెప్పాల్సిన బాధ్యత ఉంటుందని అన్నాడు. నా ఓటు కాన్‌స్టాంట్‌కే.

ఉద్యోగం ఇంటర్వ్యూలో పెళ్లి గురించి, గర్భం గురించి అడిగితే?

ఈ విషయంలో మన దేశంలోనే ఒక పెద్ద కేసు ఉంది. ఎల్‌ఐసీలో చేరిన నీరా మాథుర్ ప్రొబేషన్‌లో ఉండగా ప్రసవానికి సెలవు పెట్టారు. చేరేటప్పుడు ఇచ్చిన డిక్లరేషన్‌లో గర్భం సంగతి దాచి తప్పుడు వివరాలు రాశారంటూ సంస్థ ఆమెను ఉద్యోగం నుంచి తీసేసింది. కేసు సుప్రీంకోర్టుకు చేరింది. ఆ ఫారంలో ఏం అడిగారో చూస్తే ఒళ్లు మండుతుంది. నెలసరి సక్రమంగా వస్తుందా, నొప్పి ఉంటుందా, చివరిసారి ఎప్పుడు వచ్చింది, ఎన్నిసార్లు గర్భం దాల్చారు. 1991 అక్టోబరులో కోర్టు ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది. ఆ ప్రశ్నలు ఇబ్బంది పెట్టేవి, ఇంకా చెప్పాలంటే అవమానకరమైనవి అంటూ ఆ గడులను ఫారం నుంచి తీసేయమంది. దాచిన మనిషిని వదిలి, అడిగిన తీరును తప్పు పట్టిన తీర్పు అది.

జర్మనీలో ఇంకో అడుగు ముందుకు వేశారు. గర్భం గురించి అడగడమే చెల్లదు కాబట్టి ఇంటర్వ్యూలో అభ్యర్థి అబద్ధం చెప్పినా దాన్ని పట్టుకుని ఉద్యోగం తీయడానికి లేదని అక్కడి కార్మిక న్యాయస్థానాలు తేల్చేశాయి.

ఒక్కటి మాత్రం కలిపేయకండి. లేని డిగ్రీ, ఫేక్ ఎక్స్‌పీరియన్స్ ప్రైవసీ కిందికి రావు. మీరు ఆ పని చేయగలరా లేదా అన్నది తెలుసుకునే హక్కు జీతమిచ్చేవాళ్లకు ఉంటుంది.

అద్దె ఇంటికి వెళ్తే "మీరేమిట్లు?" అంటారు. నిజం చెబితే ఇల్లు దొరకదు. ఏం చెయ్యాలి?

ఈ ప్రశ్న చదివినప్పుడల్లా నాకు కోపం, సిగ్గు రెండూ వస్తాయి. ఇంటిపేరు అడగడం, "నాన్‌వెజ్ తింటారా?" అని తిప్పి అడగడం, గోడ మీద ఏ దేవుడి పటం పెడతారని ఆరా తీయడం, ఇవన్నీ ఒకే ప్రశ్నకు వేసిన రకరకాల వేషాలు. అద్దె నెలనెలా కడతారా, ఇల్లు పాడు చేయకుండా ఉంటారా అన్నదే ఓనర్‌కు కావలసింది. కులం ఆయనకు అక్కర్లేని విషయం.

అలా అడిగిన చోట ఇంకో కులం పేరు చెప్పి ఇల్లు తీసుకున్నవాళ్లను నేను తప్పు పట్టను. తలదాచుకునే చోటు కోసం అబద్ధం ఆడాల్సి రావడం వాళ్లకు జరిగిన అన్యాయం. అడిగినవాళ్లే దానికి జవాబుదారీ. కాకపోతే ఆ అబద్ధంతో రోజూ బతకాలి. చుట్టాలొస్తే టెన్షన్, పండగొస్తే టెన్షన్, పిల్లలు బయట ఏం మాట్లాడతారోనని టెన్షన్. నైతికంగా తప్పు లేకపోయినా మోయడానికి బరువైన అబద్ధం ఇది. అందుకే కొంచెం ఆలస్యమైనా, ఆ ప్రశ్న అడగని ఓనర్ కోసం వెతకమని నాకు తెలిసినవాళ్లతో అంటూ ఉంటాను. అంత వెసులుబాటు అందరికీ ఉండదని కూడా నాకు తెలుసు.

డాక్టర్ దగ్గర?

వద్దు. దయచేసి వద్దు.

మా నాన్నకు హెర్నియా ఆపరేషన్ ముందురోజు మత్తు డాక్టర్ వచ్చారు. చేతిలో కాగితం పెట్టుకుని "సిగరెట్? మందు?" అని అడిగారు. నేను మంచం పక్కనే నిలబడి నాన్న దుప్పటి సర్దుతున్నాను. నాన్న నా చేతుల వంకే చూస్తూ "అబ్బే, లేదండీ" అన్నారు. డాక్టర్ పెన్ను రాయకుండా ఆగింది. ఆమె నన్ను చూసి, "అమ్మా, బయట నర్సు దగ్గర ఫైల్ ఉంటుంది, తెస్తారా?" అన్నారు. ఫైల్ తెచ్చేసరికి కాగితం మీద రెండు గడులూ నిండి ఉన్నాయి. ఏం రాశారో నేను చదవలేదు.

నాన్న దాచాలనుకున్నది నా దగ్గర, డాక్టర్ దగ్గర కాదు. మధ్యలో నేనున్నందుకే అబద్ధం వచ్చింది. మత్తు ఎంత ఇవ్వాలి, ఊపిరితిత్తుల విషయంలో ఏం జాగ్రత్త పడాలి అన్నవి ఆ జవాబు మీద ఆధారపడతాయి. అందుకని ఆస్పత్రిలో మీ వాళ్లను డాక్టర్ ఏదైనా అడగబోతుంటే మీరే లేచి బయటకు వెళ్లండి. డాక్టర్‌ను ఒంటరిగా మాట్లాడతానని అడిగే హక్కు రోగికీ ఉంది.

బీమా ఫారం కూడా ఇంతే. షుగర్, బీపీ దాచి పాలసీ తీసుకుంటే, తీరా అవసరం వచ్చిన రోజున క్లెయిమ్ తిరగ్గొట్టే ప్రమాదం ఉంది. ఆ బరువు ఇంట్లోవాళ్ల మీద పడుతుంది.

ఇక జబ్బు సంగతి ఆఫీసుకు, ఓనర్‌కు, పక్కింటికి చెప్పాలా అంటే అది వేరే లెక్క. హెచ్‌ఐవీ విషయమే తీసుకోండి. 2017లో వచ్చిన చట్టం ప్రకారం, కోర్టు ఆదేశిస్తే తప్ప, తన హెచ్‌ఐవీ స్థితిని బయట పెట్టమని ఎవరినీ బలవంతం చేయకూడదు.

వెయ్యి అబద్ధాలాడి అయినా ఒక పెళ్లి చెయ్యమన్నారు. సంబంధాల దగ్గర చిన్న విషయాలు దాచొచ్చా?

పద్యంలోని పెళ్లిళ్ల మాటను ఒప్పుకోనని పైన చెప్పింది ఇందుకే. ఈ సామెతనూ ఒప్పుకోను. ఆ వెయ్యి అబద్ధాల బరువు మోసేది పెళ్లి చేసినవాళ్లు కాదు, చేసుకున్నవాళ్లు. ఎదుటి మనిషి తన జీవితాన్ని మీ మాట మీద పెడుతున్నారు. జీతం, అప్పులు, దీర్ఘకాలం ఉండే జబ్బు, అంతకుముందు పెళ్లి, పిల్లలు వద్దనుకోవడం, వీటిలో ఏదైనా సరే అడగకపోయినా చెప్పాలి. ముఖ్యమైన విషయం దాచి మోసంతో ఒప్పించిన పెళ్లిని కొట్టివేయించుకునే వీలు 1955 నాటి హిందూ వివాహ చట్టంలోనే ఉంది. హెచ్‌ఐవీ సోకిన ఒక వ్యక్తి గోప్యత గురించి 1998లో కేసు వచ్చినప్పుడు, అతని గోప్యత కంటే పెళ్లాడబోయే అమ్మాయి ఆరోగ్యమే ముఖ్యమని సుప్రీంకోర్టు తేల్చింది.

పాత ప్రేమ సంగతులు? ముగిసిపోయి, ఇప్పటి బతుకు మీద ఏ నీడా లేకపోతే అది మీ ఇష్టం. సూటిగా అడిగినప్పుడు లేదని మాత్రం చెప్పకండి. "ఉండేది, అయిపోయింది, వివరాలు నాకే వదిలెయ్యి" అనొచ్చు. ఆ మాట తట్టుకోలేని మనిషైతే పెళ్లికి ముందే తెలియడం మంచిది.

షాపులో బిల్లు వేసేటప్పుడు ఫోన్ నంబర్ అడుగుతారు. తప్పుడు నంబర్ ఇవ్వొచ్చా?

ఇవ్వనని చెప్పండి, అంతే. బిల్లు కోసం ఫోన్ నంబర్ ఇచ్చి తీరాలని పట్టుబట్టొద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలో దుకాణాలకు చెప్పింది. నోటికొచ్చిన పది అంకెలు చెబితే అది ఎవరో ఒకరి నంబరై ఉండొచ్చు. ఆ మెసేజ్‌లన్నీ ముక్కూ మొహం తెలియని ఆ మనిషికి పోతాయి. మీ తలుపుకు గడియ పెట్టుకోబోయి ఇంకొకరి తలుపు తెరిచినట్టవుతుంది.

ఆటల యాప్‌లో పుట్టినరోజు మార్చి ఇవ్వడం నాకు పెద్ద తప్పుగా తోచదు, పిల్లలు పెద్దవాళ్లమని చెప్పుకుంటే తప్ప. డెలివరీ కుర్రాడు "ఒక్కరే ఉంటారా మేడం?" అంటే "మావారు లోపల ఉన్నారు" అనడం గురించి ఏ ఆడపిల్లా క్షణం కూడా బాధపడక్కర్లేదు.

ప్రభుత్వ కాగితాల్లో?

అక్కడ అబద్ధం పనికిరాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మన సమాచారానికి రక్షణ ఇస్తూనే మన మీద కూడా బాధ్యతలు పెట్టింది. ఇంకొకరిలా నటించకూడదు, గుర్తింపు పత్రాల కోసం వివరాలిచ్చేటప్పుడు ముఖ్యమైనవి దాచకూడదు. తప్పితే 10,000 రూపాయల వరకు జరిమానా వేయొచ్చు. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పిన మాట నిజం. ఆ హక్కు అక్కర్లేనివి అడగొద్దని ప్రభుత్వాన్ని నిలదీయడానికి పనికొస్తుంది. తప్పుడు వివరాలు రాయడానికి అది అనుమతి కాదు.

జనాభా లెక్కల చట్టం సంగతి నాకు ఎప్పుడు తలుచుకున్నా ముచ్చటేస్తుంది. 1948 నాటి ఆ చట్టంలో అడిగిన ప్రశ్నలకు తెలిసినంతవరకు నిజం చెప్పాలని ఉంది. దాని పక్కనే, ఏ స్త్రీ కూడా తన భర్త పేరు చెప్పి తీరాల్సిన అవసరం లేదనీ ఉంది. మా నాయనమ్మ తాతయ్య పేరు ఎత్తేది కాదు. "వాళ్ల నాన్న" అనేది, లేకపోతే పక్కనున్న పిల్లల చేత చెప్పించేది. అలాంటి ఆడవాళ్లు అబద్ధం ఆడే అవసరం రాకుండా, మౌనంగా ఉండే హక్కును చట్టమే ఇచ్చింది. పైగా మన ఇంటి జనాభా లెక్కల వివరాలను తెరిచి చూసే హక్కు బయటివాళ్లెవరికీ లేదు. లెక్క రాసే ఆయన వచ్చినప్పుడు భయపడి ఏదో ఒకటి చెప్పేయకండి.

అమెరికాలో ఉద్యోగం పోయింది. అమ్మానాన్నలకు "వర్క్ ఫ్రం హోం" అని చెబుతున్నాను. తప్పా?

మొదటి వారం, పది రోజులు నాకు తప్పుగా తోచదు. హెచ్‌1బీ వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకోవడానికి గరిష్ఠంగా 60 రోజులే గడువు. ఆ టెన్షన్‌లో రోజూ రాత్రి అమ్మ ఏడుపు కూడా వినే శక్తి లేకపోవచ్చు. మీరు ఊపిరి పీల్చుకునేదాకా తలుపు వేసుకోండి.

కానీ రెండు విషయాలు చూసుకోవాలి. మీ జీతం నమ్ముకుని నాన్నగారు ఊళ్లో ఇంటి లోన్ తీసుకోబోతున్నా, చెల్లి పెళ్లికి మాట ఇవ్వబోతున్నా ఆ రోజే చెప్పాలి. మీ మాట మీద వాళ్లు ఇటుక పేరుస్తున్నారు. రెండోది, "అమ్మ తట్టుకోలేదు" అనుకుని దాస్తున్నారా, "నేను చెప్పలేకపోతున్నాను" కాబట్టి దాస్తున్నారా? రెండోదే అయితే అది మీ గోప్యత, ఆ హక్కు మీది. మొదటిదైతే అమ్మ ఏం తట్టుకోగలదో మీరే తేల్చేస్తున్నారు. మిమ్మల్ని అంత దూరం పంపి ఇన్నేళ్లు ఉన్న మనిషి ఆవిడ.

నా అబద్ధం కోసం ఇంట్లోవాళ్ల చేత కూడా అబద్ధం ఆడించాల్సి వస్తోంది.

పెద్దవాళ్లయితే అడగండి, ఒప్పుకుంటే సరే. పిల్లల చేత మాత్రం వద్దు. "నాన్న ఇంట్లో లేరని చెప్పు" అని పంపితే, వాడు వెళ్లి "నాన్న ఇంట్లో లేరని చెప్పమన్నారు" అంటాడని అందరం నవ్వుకుంటాం. నాకు నవ్వు రాదు. ఆ పిల్లాడికి అది గోప్యతో మోసమో తెలిసే వయసు కాదు. "నాన్న ఇప్పుడు మాట్లాడలేరు, తర్వాత ఫోన్ చేస్తారు" అని చెప్పించండి. అది నిజమే కదా.

తర్వాతెప్పుడైనా నిజం చెప్పేయాలా?

దగ్గరవాళ్లయితే చెప్పండి. పాండవులు గడువు తీరగానే విరాటుడికి చెప్పినట్టు, మీకు వీలైనప్పుడు, మీ నోటితోనే. ఇంకొకరి ద్వారా తెలిస్తే మనసు విరుగుతుంది. హక్కు లేకుండా అడిగినవాళ్లకు మీరు ఏమీ బాకీ లేరు.

మా చికిత్స ఫలించలేదు. లిఫ్ట్‌లో అడిగిన పెద్దావిడకు నేను ఆ సంగతి చెప్పలేదు. ఆవిడ కూడా మళ్లీ అడగలేదు. మొన్న ఆదివారం ఊరి నుంచి వచ్చిన ములక్కాడలు తలుపు దగ్గర ఇచ్చి, "పులుసులో బాగుంటాయమ్మా" అని వెళ్లారు.